మూడు సీసాల నీళ్లు

కొత్త కాలనీకి ఎప్పుడు వెళ్లినా ముందు గ్లాసెడు నీళ్లు అడిగి తాగుతాను. నయాపూల్ వైపు వచ్చే బస్సులో నా పక్కన కూర్చున్న ఒకామె వల్ల అబ్బిన అలవాటు ఇది. ఆమెకు యాభై ఏళ్లుంటాయి. సంచిలో మూడు నీళ్ల సీసాలున్నాయి.

"ఇన్ని నీళ్లెందుకమ్మా?" అన్నాను.

"తాగనీకి కాదన్నా. కొందామని మూడు కాలనీలల్ల ఇండ్లు చూసొచ్చిన. గక్కడి బోరు నీళ్లివి. ఒక్కోదాంట్ల పప్పు ఉడకపెట్టి చూస్త. ఉప్పు నీళ్లయితే ఉడకదు."

"అమ్మేవాళ్లు చెప్పలేదా?"

"మస్తు చెప్పిండ్రు. రోడ్డొస్తదట, బడొస్తదట, దవాఖానొస్తదట. అన్నీ వచ్చేటియే!" అని నవ్వింది. "నీళ్లు పట్టుకున్నంక రేటు చెప్పిండ్రు."

హుస్సేనీ ఆలంలో ఇరవై ఏళ్లుగా ఉంటున్న కిరాయి ఇల్లు నెలాఖరుకు ఖాళీ చేయాలట. దాచుకున్నదంతా పెట్టినా, మూడింటిలో అన్నిటికంటే దూరంగా ఉన్నదే వస్తుందట. అక్కడి నీళ్ల సీసా ఒక్కటి తీసి ఒడిలో పెట్టుకుంది.

అఫ్జల్‌గంజ్ దాటాక అడిగాను. "ఆ నీళ్లలో పప్పు ఉడకకపోతే?"

ఆమె బిగించి ఉన్న మూతనే మళ్లీ బిగించింది.

"ఇంకింత సేపు ఉడకపెట్టుకుంట అన్నా," అని నయాపూల్‌లో దిగిపోయింది.