కాపు తప్పిన విత్తనం

ఎదురింటి తారాబాయి కుళ్లిన గడ్డి తట్ట తెచ్చి ఐలవ్వ గుమ్మం ముందు కుమ్మరించింది. గడ్డి నిండా దూదిపింజల్లాంటి తెల్లటి బూజు. ఒక్క పుట్టగొడుగు లేదు.

"చూడు బాయీ, గిదేనా నువ్విచ్చిన ఇత్తనం? గొడ్రాలి చెయ్యి తాకినంక ఇంకేం కాస్తది?" అని అరిచింది.

బెల్లంపల్లి బొగ్గుగని క్వార్టర్ల వరుసలో ఆడవాళ్లందరూ బయటికొచ్చారు. తారాబాయికి అడ్డుచెప్పిన వాళ్లు లేరు.

ఐలవ్వ నోరు కూడా తక్కువది కాదు. చీపురు తీసుకుని ఆ గడ్డినంతా ఎదురింటి గడప దాకా ఊడ్చేసింది. "నా కడుపు సంగతి నీకెందుకే? నీ గడ్డి కుళ్లింది, నీ నోరు కుళ్లింది. నా ఇత్తనానికేం రోగం?" అన్నది. కానీ ఆమె సొంత పెరట్లో కూడా ఆ వానాకాలం ఏమీ మొలవలేదు.

ఐలవ్వది హుస్నాబాద్ దగ్గరి పల్లె. గనిలో బొగ్గు నింపే ఇస్తారిని చేసుకుని ఇక్కడికి వచ్చింది. పిల్లలు కలగలేదు. కరువు కాలంలో, రేషన్ జొన్నలతో కడుపు నింపుకుంటున్న రోజుల్లో, మంచిర్యాల వ్యవసాయ ఆఫీసు నుంచి లింగమూర్తి అనే గ్రామసేవకుడు వచ్చి వరిగడ్డి మీద పుట్టకొక్కులు పండించడం చూపించాడు. గడ్డి నానబెట్టి, కట్టలు అడ్డంగా నిలువుగా పేర్చి, మధ్యలో సీసాలోని విత్తనం పెట్టి, పైన కందిపిండి చల్లాలి. విత్తనమంటే గింజ కాదు, బూజు అల్లుకున్న గడ్డి ముక్కలు. అందరూ నవ్వారు. ఐలవ్వ ఒక్కతే పెట్టింది. కోడిగుడ్లలాంటి మొగ్గలు గడ్డి పక్కల నుంచి పొడుచుకొచ్చినప్పుడు నవ్విన వాళ్లే గిన్నెలు పట్టుకొచ్చారు.

విత్తనం కోసం మళ్లీ మళ్లీ ఆఫీసుకు తిరగడమెందుకని ఆమె దాన్ని తనే తయారు చేయడం మొదలుపెట్టింది. గడ్డి ముక్కలు సీసాల్లో కూరి, ఆవిరికి ఉడికించి, పాత సీసాలోంచి కాస్త తీసి కొత్తదాంట్లో వేసి దూదితో బిగించేది. అన్నింట్లో తొందరగా, తెల్లగా నిండిన సీసానే మరుసటి విత్తనానికి ఉంచేది. వాళ్ల బాపు కల్లంలో నిండు వెన్నులనే ఏరి దాచడం ఆమె చిన్నప్పటి నుంచీ చూసింది. మొదట్లో సీసాల్లో తెలుపు మధ్య ఎర్రమట్టి రంగు చుక్కలు కనిపించేవి. అవి మచ్చలనుకుని ఆ సీసాలు పారేసేది. అడిగిన వాళ్లందరికీ తన విత్తనమే పంచింది. పంట కొంచెం కొంచెంగా తగ్గి, చివరికి వరుసంతా ఒకేసారి పోయింది.

ఆ గొడవ తర్వాత నల్లా దగ్గర ఐలవ్వ బిందె పెడితే పక్క బిందెలు జరిగిపోయేవి. ఉడకబెట్టి చంపిన విత్తనం కావాలనే పంచిందని ఒకరు, ఆమె నీడ పడితే బాలింతకు పాలు రావని ఇంకొకరు. అవన్నీ ఆమె తిట్టి తిప్పికొట్టింది. ఇస్తారి మాటనే తిప్పికొట్టలేకపోయింది. డ్యూటీ దిగి అన్నం తింటూ అతను తలెత్తకుండా అన్నాడు:

"అందరిదీ పాడైందంటే... నీ చేతులనే ఏమన్న ఉన్నదేమో. కొండగట్టు పోయి మొక్కొద్దామా?"

ఐలవ్వ గంజి గిన్నె అతని ముందు ఠక్కున పెట్టి లేచిపోయింది.

మర్నాడే మంచిర్యాల వెళ్లి లింగమూర్తిని ఆఫీసు వరండాలో నిలదీసింది. "నీ సీసా పుణ్యమాని నేను గొడ్రాలి చెయ్యిదాన్ని అయిన. జవాబు చెప్పు సారూ."

అతను ఆమె తెచ్చిన సీసాను వెలుగుకు పెట్టి చూసి చిరాకుపడ్డాడు. "సీసాల కెల్లి సీసాలకు ఎన్నిసార్లు మార్చినవక్కా? ఏడాదికోసారి నా కాడ కొత్తది తీసుకపోవాలె గదా!"

"ఎప్పుడు చెప్పినవ్?"

లింగమూర్తి సీసా కింద పెట్టాడు. "చెప్పలే. గిట్లయితదని నాకు గూడ మొన్ననే తెలిసింది." తర్వాత గొంతు తగ్గించి వివరించాడు. ఆ బూజు పోగులు పెరిగేకొద్దీ ఎక్కడో ఒకచోట పుట్టుగుణం మారిపోతుంది. గుణం మారిన పోగు కాయ కట్టదు. ఆ బలమంతా పెరగడానికే పెడుతుంది కాబట్టి మంచి పోగును దాటి పాకుతుంది. "నువ్వేమో తొందరగ పెరిగిందాన్నే ఏరుకుంట వచ్చినవ్. కాసే గుణమున్న ఎర్రచుక్కల సీసాలను పారేసినవ్."

"అంటే నా చెయ్యి కాదు."

"చెయ్యి కాదు. నువ్వు ఏరిన తీరు."

తప్పు తనది కాదని విందామని వెళ్లిన మనిషి, వేరే తప్పు మోసుకుని తిరిగొచ్చింది. లింగమూర్తి మీద కోపం తగ్గలేదు. కానీ కొత్త సీసా మాత్రం తీసుకుంది.

అందరూ చూస్తుండగా గుమ్మం ముందే గడ్డి కట్టలతో రెండు పరుపులు పేర్చింది. గడ్డి ఒక్కటే, నీళ్లు ఒక్కటే, చెయ్యి ఒక్కటే. ఒకదాంట్లో కొత్త విత్తనం, రెండోదాంట్లో పాతది. వచ్చేపోయే వాళ్లు ఉమ్మేసి పోయారు. కొన్నాళ్లకు కొత్త పరుపు పక్కల నిండా మొగ్గలు పొడుచుకొచ్చాయి. పాతది తెల్లగా బూజు పట్టి ఊరుకుంది.

"రాండ్రి, చూడుండ్రి! రెండూ గీ గొడ్రాలి చేతులే పెట్టినయ్!" అని ఐలవ్వ వరుసంతా వినేలా కేకేసింది. ఇత్తనం గుణం తప్పిందని లింగమూర్తి చెప్పిన మాటలే చెప్పింది.

తారాబాయి నడుం మీద చేతులు పెట్టుకుని వచ్చి రెండింటినీ చూసింది. "ఇగ చూసిండ్రా! మంచిగ పెట్టుడు దీనికి తెలుసు. మాకేమో కావాల్నని చెడ్డది ఇచ్చింది!"

ఐలవ్వ పాత పరుపును రెండు చేతులా పెరికి తారాబాయి మీదికి విసిరింది. ఇద్దరూ జుట్లు పట్టుకున్నారు. మొదటి షిఫ్టు దిగి వస్తున్న మగవాళ్లు విడదీయాల్సి వచ్చింది.

గుంపు చెదిరాక ఇస్తారి బొగ్గు ముఖం కడుక్కోకుండానే కొత్త పరుపు ముందు కూర్చున్నాడు. ఒక్కొక్క మొగ్గా తుంచి గంపలో వేశాడు.

"ఐలవ్వా, నాది తప్పైంది."

"గట్టిగ చెప్పు. ఎదురింటికి వినవడాలె."

ఇస్తారి ఎదురింటి వైపు చూసి తల దించుకున్నాడు. ఐలవ్వ అతని చేతుల్లోంచి గంప లాక్కుని, చెదిరిన కొప్పు ముడేసుకుంటూ ఒక్కతే బజారుకు బయలుదేరింది.