అతిథికిచ్చిన నల్లరాగి కంకులు

ఆ రోజుల్లో కడుపు ఖాళీగా ఉన్నా ఫరవాలేదు, మెడ మాత్రం నిటారుగా ఉండాలని నమ్మేవాణ్ణి. దేవనహళ్ళి పక్కన మా తాతగారి పొలాలు నేను పుట్టేనాటికే ఒక్కొక్కటిగా చేతులు మారాయి. నా వాటాకు మిగిలినవి యలహంకలో రెండు గదుల అద్దె ఇల్లు, మా నాయన చిన్నప్పటి నుంచీ వల్లె వేయించిన రెండు సూత్రాలు. ఉన్నవాటిలో శ్రేష్ఠమైనది అతిథికి ఇవ్వాలి. ఎవరినీ ఏదీ అడక్కూడదు. (ఈ రెండోదాన్ని నేను ఎంత నిష్ఠగా పాటించేవాణ్ణంటే, దారి తెలియకపోయినా ఎవరినీ అడిగేవాణ్ణి కాను. అలా బెంగళూరులో నాకు అక్కరలేని వీధులన్నీ పరిచయమయ్యాయి.)

ఇరవై రెండేళ్ళ వయసులో, దేవనహళ్ళి దాటాక ఒక పల్లెలో ఆడవాళ్ళ సంఘానికి రాతపని చేయడానికి చేరాను. పాత విత్తనాలు పోకుండా చూసుకోవడం, మందులు కొట్టకుండా పంట తీయడం వాళ్ళ పట్టుదల. సంఘానికి పెద్ద, అరవై దాటిన ఒక రైతు. ఆమెను అందరూ పెద్దక్క అనేవారు. నేను ఇస్త్రీ చొక్కాతో గట్ల మీద నడుస్తూ, "ఈ చేలన్నీ ఒకప్పుడు మావే" అనేవాణ్ణి. "అట్లనా అప్పా, అయితే రెండు సాళ్ళు కలుపు తీసిపో" అనేది ఆమె.

ఆ యేడు రాగి కోతల ముందు, మహదేవపుర నుంచి ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసరుగారిని సంఘం పండగకు ముఖ్య అతిథిగా పిలిచాం. పూలదండ తెచ్చే బాధ్యత నాది, సహజంగానే మరిచిపోయాను. ఆయన కారు ఊళ్ళోకి వస్తుండగా చేను వైపు పరుగెత్తాను. అక్కడ కొన్ని కంకులకు ఎర్ర గుడ్డపేలికలు కట్టి ఉన్నాయి. బలమైన, నల్లటి, పిడికిలి బిగించినట్టున్న కంకులు. అతిథి కోసమే ముందుగా గుర్తు పెట్టి ఉంచారనుకుని, వీళ్ళ మర్యాదను మనసులో మెచ్చుకుని, ఒక్కటి కూడా వదలకుండా కోసి గుత్తి కట్టాను. "సూపరండీ, చాలా ఎత్నిక్‌గా ఉంది!" అంటూ ఆయన దాన్ని కారులో పెట్టుకుని వెళ్ళిపోయారు.

మర్నాడు కొడవళ్ళతో చేనికి వెళ్ళిన పెద్దక్క వట్టి చేతులతో తిరిగొచ్చింది.

"పేలికలు కట్టిన కంకులు యాడికి పోయె?"

"ఆఫీసరుగారికి ఇచ్చాను. మా ఇంట్లో శ్రేష్ఠమైనది అతిథికే ఇస్తాం."

"మీ ఇంట్లోది ఇచ్చుకోప్పా, ఎవురు వద్దనిరి? అవి మా విత్తనాలు. మిగతా చేనంతా వేరే రాగితో కలగలుపు అయిపోయె, అచ్చంగా ఉన్నవి అవే. మూడేండ్లుగా ఏరి ఏరి నిలబెడితిమి ఆ నల్లరాగిని. ఇంక యాడా లేదు." ఆమె అరిచి ఉంటే బాగుండేది. మెల్లగా గట్టు మీద కూర్చుని, "పోయి అడిగి తేప్పా" అంది.

అడగడం! అదీ, ఇచ్చినదాన్ని! మహదేవపుర చేరేదాకా బస్సులో పదిరకాల వాక్యాలు కూర్చుకున్నాను, ఒక్కదాంట్లోనూ 'ఇవ్వండి' అన్న మాట లేదు. ఆఫీసరుగారి ఇంట్లో టీవీ మీద, ఇత్తడి చెంబులో, నీళ్ళలో నిలబడి ఉంది మా గుత్తి. నేను కాఫీ తాగాను. యలహంక వాతావరణం గురించి చెప్పాను. ఇంకో కాఫీ తాగాను. మా తాతగారి గురించి చెప్పాను. మూడో కాఫీకి ఆయన జాలిగా, "మొహమాటపడకండి, రెజ్యూమే తెచ్చారా?" అన్నారు. ఆ అవమానంలో నోరు దానంతటదే తెరుచుకుంది. "ఆ కంకులు తిరిగి ఇప్పించండి. అవి విత్తనాలు. నాకు తెలియక కోశాను. ఇవ్వకపోతే ఆ రాగి ఇంక ఉండదు."

అంతవరకూ కాఫీలు అందిస్తున్న ఆయన భార్య వెళ్ళి గుత్తిని న్యూస్‌పేపర్లో చుట్టి తెచ్చింది. "షో కోసం ఒక నాలుగు ఉంచుకోవచ్చా?" అని ముచ్చటగా అడిగింది. అప్పుడు మా వంశం నా నాలుక మీదికొచ్చి కూర్చుంది. "నాలుగేమిటండీ, మొత్తం..." అనేశాను! పెద్దక్క గట్టు మీద కూర్చున్న తీరు గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాను. "...మొత్తం కావాలండి. ఒక్కటి కూడా ఇవ్వలేను." మా ఏడు తరాల్లో అతిథికి లేదన్న మొదటివాణ్ణి నేనే అయి ఉంటాను.

పెద్దక్క పొట్లం విప్పి, తడిసిన కాడలు కోసేసి, కంకుల్ని చేట మీద ఆరబెట్టింది. "నోరు తెరిచి అడిగితివా?" అంది. అడిగానన్నాను. "ఎంతసేపు పట్టె?"

"మూడు కాఫీలు."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. "మా అత్త ఒకసారి కరువులో మీ తాత వాకిట్లో పొద్దు వాలేదంకా నిలబడి ఉండెనంట, విత్తనాలడిగేకి. కాఫీ కాదు, నీళ్ళు కూడా ఇయ్యలేదంట."

నా మెడ దానంతటదే కొంచెం వంగింది. "ఇచ్చాడా, చివరికి?"

"ఇచ్చెలేప్పా, ఒక చేటెడు." చేట మీది కంకుల్ని వేళ్ళతో సర్దుతూ అంది. "ఆ రాగులే ఇవి."

మరుసటేడు వానలకు విత్తనాలు పంచేటప్పుడు ఆడవాళ్ళందరి వెనకాల వరసలో నిలబడ్డాను. "ఏమి కావల్ల?" అంది పెద్దక్క, తెలియనట్టు. అడిగాను. దోసిట్లో పోసింది. ఇప్పటికీ మా మేడ మీద పాత పెయింటు డబ్బాల్లో నల్లరాగి పండుతుంది, సగం పిచ్చుకలకే. కాఫీ మీద కాఫీ తాగుతూ మహదేవపుర సోఫాలో కర్రలా కూర్చున్న ఆ కుర్రవాడు తలపుకొస్తే నవ్వొస్తుంది. ఒక్కోసారి, పాపం, వాడి వీపు నిమరాలనిపిస్తుంది.