అమెరికాకి దగ్గర దారి

నా చిన్నప్పుడు బడి వదిలాక నేను ఇంటికి కాకుండా పంజాగుట్టలో ఒక విమాన టికెట్ల ఆఫీసుకి వెళ్లేదాన్ని. అమ్మ సోమాజిగూడలో నర్సు. ఆవిడ డ్యూటీ దిగేదాకా నన్ను చూసుకునే పక్కింటి అక్క ఆ ఆఫీసులో కౌంటర్ దగ్గర కూర్చునేది. అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు చేసినవాళ్లంతా అమెరికా మాటే మాట్లాడుతున్న రోజులవి. బోరబండలో పుట్టిన ఆ అక్క మాత్రం అప్పటికి ఒక్కసారీ విమానం ఎక్కలేదు.

ఒకరోజు మెడలో కంపెనీ ట్యాగు వేసుకున్న ఒకాయన, ఢిల్లీ నుంచి చికాగో వెళ్లే విమానం దారి చూసి మండిపడ్డాడు. చికాగో పడమర ఉంటే ఇది ఉత్తర ధ్రువం వైపు పోతుందేంటి, ఇంత చుట్టుదారి పదిహేను గంటల్లో ఎలా అవుతుంది, తెలిసినవాళ్లని పిలవండి అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అక్క మాత్రం సంచిలోంచి ఒక బత్తాయి, దారం తీసింది. పెన్నుతో రెండు ఊళ్లకీ రెండు చుక్కలు పెట్టి, బత్తాయి నడుము చుట్టూ ఒకసారి, తొడిమ వైపు నుంచి ఒకసారి దారం పట్టి చూపించింది. పైనుంచి పట్టినప్పుడు దారం బాగా మిగిలింది.

"భూమి గుండ్రంగున్నది కద సార్. జర మీరే గుంజి చూడుండ్రి."

ఆయన కొలిచాడు. టికెట్ తీసుకున్నాడు. ఆయన వెళ్లాక అక్క నావైపు తిరిగింది. "గాయన నమ్మకపోతే దారి పొడుగైతదా? కొలిచినంక భయపడొద్దు."

కొన్నాళ్లకి మా భూగోళం సార్ గోడ పటం మీద ఢిల్లీకీ న్యూయార్క్‌కీ మధ్య స్కేలు పెట్టి, ఇదే దగ్గర దారి, విమానానికి పద్దెనిమిది గంటలు అని రాయించారు. నేను లేచి కాదన్నాను. కూర్చోమన్నారు. కూర్చోలేదు. బల్ల మీదున్న గ్లోబు దగ్గరికి వెళ్లి, జడ రిబ్బను విప్పి కొలవబోయాను. సార్ గ్లోబు లాక్కుని, అందరి ముందూ క్షమాపణ అడగకపోతే మా బడి క్విజ్ జట్టులోంచి నా పేరు కొట్టేస్తానన్నారు. ఆ క్విజ్ కోసం నెలల తరబడి చదివాను. అయినా క్షమాపణ అడగలేదు.

మర్నాడు అమ్మని పిలిపించారు. ఎవరితోనూ గట్టిగా మాట్లాడని అమ్మ, యూనిఫాంలోనే వచ్చి సార్ చెప్పిందంతా విన్నది.

"ఎదురు చెప్పింది, నిజమేనండీ. మరి అది చెప్పింది తప్పా?"

అది కాదు ఇక్కడ విషయం అన్నారు సార్.

"నాకు అదేనండీ విషయం," అని అమ్మ నా చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది.

క్విజ్‌కి వేరే అమ్మాయి వెళ్లింది. ఆ రోజు బాత్‌రూమ్ తలుపు వేసుకుని ఏడ్చాను కానీ, క్షమాపణ మాత్రం చెప్పలేదు. ఇన్నేళ్లలో నేను చాలా తప్పులే చేశాను. ఫలానా చోట తప్పు చేశావని చూపించినవాళ్ల ముందు వెంటనే దిద్దుకున్నాను. చూపించకుండా గొంతు పెంచేవాళ్ల ముందు మాత్రం నేను ఇప్పటికీ కూర్చోను.