గుర్రమెక్కిన హీరోయిన్

అరవైల చివర, నా పెళ్లయిన కొత్తలో, రాజాం దగ్గర కొండల్లో ఒక కౌబాయ్ హాస్య చిత్రం తీశారు. జట్కా తోలే మావారిని గుర్రంతో సహా రమ్మన్నారు. రోజూ ఆయన ముఖాన పౌడరుతో, సెంటు వాసనతో ఇంటికొచ్చేవారు. అడిగితే నవ్వి మాట మార్చేవారు. ఒకనాడు మీసం కూడా తీసేసి వచ్చారు.

"అయ్య బతికుండగా మీసం తీసీసినావేటిరా!" అని మా అత్త ఏడ్చింది. హీరోయిన్ ముచ్చట కోసమే తీశారనుకుని నేను కుళ్లిపోయాను.

మర్నాడు క్యారేజీ వంకతో కొండకి వెళ్లాను. టోపీ, ప్యాంటు వేసుకున్న హీరోయిన్ గుర్రం మీద దూసుకొస్తోంది. భగవంతుణ్ణి తలుచుకుని అడ్డంగా పరుగెత్తాను.

"మా బావని వొగ్గీయే!" అని, మావారిని వదిలెయ్యమని అరిచాను.

గుర్రం ఆగింది. సవరం కింద ఉన్నది మావారి ముఖం!

"ఒసే, తప్పుకో! ఆవిడికి గుర్రమంటే బయ్యం. ఆవిడ బదులు నానెక్కుతన్నాను. సెప్తే నవ్వుతావని సెప్పనేదు" అన్నారు. సినిమావాళ్లంతా పగలబడి నవ్వారు.

ఆయన దెబ్బ తగలకుండా ఇల్లు చేరినందుకు అరసవల్లి స్వామికి మొక్కు చెల్లించాను. ఆ హీరోయిన్ మీద కోపమూ పోయింది. కానీ సినిమా వచ్చాక, గుర్రం దూకిన చోట హాలంతా హీరోయిన్‌కి చప్పట్లు కొడుతుంటే, చెప్పొద్దూ, ఆవిడ మీద మళ్లీ అసూయ పుట్టింది.