నీలం రంగు పచ్చిపులుసు

ఇబ్రహీంపట్నంలో కూర్చుని ఒక పెద్ద విదేశీ కంపెనీని గడప దాటనివ్వని మొనగాణ్ని నేను. వాళ్ల వీడియో ప్లగిన్ వచ్చి నా కంప్యూటర్ తలుపు తట్టింది. పొమ్మన్నాను. బొమ్మ కదలాలంటే నన్ను పెట్టుకోవాల్సిందే అంది. నీకంటే మంచిది ఊరికే దొరుకుతుంది, పో అన్నాను. ఇది తెలంగాణ వచ్చిన కొత్తలో మాట. వెబ్‌లో వీడియో చూడాలంటే అప్పట్లో బ్రౌజర్‌కు ప్లగిన్ అనే తోక ఒకటి తగిలించాల్సి వచ్చేది.

నా బతుకంతా బోరుమోటార్లు వైండింగ్ చేస్తూ గడిచింది. కాలిపోయిన మోటారు ఏదైనా సరే, మూత విప్పి, పాత తీగ లాగేసి, కొత్తది చుట్టి రైతు చేతిలో పెట్టేవాణ్ని. మూత విప్పనివ్వని యంత్రమంటే నాకు మొదటినుంచీ అనుమానం. అందుకే మీర్‌పేటలో ఉండే మా అల్లుడు, వైరస్‌లతో మూలుగుతున్న మా పాత కంప్యూటర్‌లో ఊరికే దొరికే లైనక్స్ సిస్టమ్ వేసి, "మామా, దీన్ల లోపట ఏమున్నదో ఎవరన్న ఇప్పి సూడొచ్చు" అన్నప్పుడు దానికి దాసోహమన్నాను. నేను విప్పి చూసింది లేదు, చూసినా అర్థమయ్యేది లేదు. అయినా చూడొచ్చు కదా, ఆ సంతోషం చాలు.

చిక్కంతా మా ఆవిడ పచ్చిపులుసుతో వచ్చింది. ఒక చిన్న టీవీ చానల్‌వాళ్లు ఊళ్ల వంటలు చూపిస్తామంటూ మా వీధికొచ్చి, ఆమె చేత పచ్చిపులుసు చేయించి, వీడియో తీసుకుని పోయారు. అది టీవీలో వచ్చిన మధ్యాహ్నం మా దగ్గర కరెంటు పోయింది. చేసిన మనిషే తనను తాను చూసుకోలేకపోయింది. సాయంత్రం బడంగ్‌పేట నుంచి మా వదిన ఫోన్ చేసింది. వదినంటే మా అన్న భార్య, మా ఆవిడకు పెద్ద తోటికోడలు, మా దిక్కు మాటలో యారాలు.

"మాకు కరెంట్ ఉండె. మొదటిసంది ఆఖరిదాక సూసిన. నువ్వేడ రాలే."

అంతే, ఆ మాట చుట్టాల ఇళ్లన్నీ తిరిగొచ్చింది. ఏ పెళ్లికి పోయినా ఎవరో ఒకరు "ఏం టీవీ చిన్నమ్మా, మంచిగున్నవా?" అని పలకరించి పక్కకు తిరిగి నవ్వేవారు. మా ఆవిడ పెళ్లిళ్లకు పోవడమే మానుకుంది.

"నేను అబద్ధాలదాన్నా? గా వీడియో దొరకబట్టి అక్క ముంగట వెట్టు. గప్పటిదాక నాకు అన్నం సయించది" అంది నాతో.

దొరకబట్టాను. చానల్‌వాళ్ల వెబ్‌సైట్‌లోనే ఉంది. నొక్కితే ఒక బూడిద రంగు డబ్బా, దాని నడుమ, ప్లగిన్ లేదని గుర్తుగా, పిల్లలు ఆడుకునే అతుకుల బొమ్మలోని ముక్క ఒకటి. మా ఆవిడ కళ్లద్దాలు సర్దుకుని వంగి చూసింది.

"గిదేనా నేను?"

అల్లుడికి ఫోన్ చేశాను. "కంపెనీ ప్లగిన్ ఎక్కియ్యి మామా, అయిపాయె" అన్నాడు. మూత విప్పనివ్వని సరుకు నా ఇంట్లో పెట్టనన్నాను.

ఇక్కడ కొంచెం నిజం చెప్పాలి. పెట్టనన్నది తర్వాత. ముందు పెట్టి చూశాను. అది సగం దాకా ఎక్కి, ఎర్ర అక్షరాల్లో ఏదో తిట్టి, బ్రౌజర్‌ను కూడా వెంటబెట్టుకుని పోయింది. రానన్నది ప్లగిన్. రావద్దన్నది నేనని ఊరంతా చెప్పుకున్నాను. సిద్ధాంతాలు చాలామందికి ఇట్లాగే పుడతాయి.

ఇక ఊరికే దొరికే ప్లగిన్‌ల వెంట పడ్డాను. లైనక్స్ వాడేవాళ్లు ముచ్చట్లు పెట్టుకునే ఒక వెబ్‌సైట్‌లో నాకొచ్చిన ఇంగ్లీషులో గోడు వెళ్లబోసుకున్నాను. జలుబు చేసిందంటే తలా ఒక కషాయం చెప్పినట్టు జవాబులొచ్చాయి. ఒకాయన బ్రౌజర్ మార్చమన్నాడు. ఇంకొకాయన ఉన్న లైనక్స్ తీసేసి వేరే రకం లైనక్స్ వేసుకొమ్మన్నాడు. మరొకాయనైతే అసలు ఆ వీడియో చూడాల్సిన అవసరం ఏమొచ్చిందని అడిగాడు. పాపం, ఆయనకు మా వదిన తెలియదు.

ఒక ప్లగిన్, వీడియోకు ముందొచ్చే చీరల ప్రకటనను సినిమా లెక్క ఆడించి, వంట దగ్గరికి రాగానే బిగుసుకుపోయేది. ఆ ప్రకటన చూసీ చూసీ మా ఆవిడ అందులోని చీర ఒకటి నా చేత కొనిపించింది. ఆఖరికి ఇంకో ప్లగిన్ వేస్తే, గిన్నెలో చింతపండు పిసుకుతున్న చేతులు కనబడ్డాయి. కొంచెం నీలంగా ఉన్నాయి కానీ మా పాత మానిటర్ సంగతి తెలిసినవాణ్ని గనక పట్టించుకోలేదు. ఇది కూడా ఎక్కడ బిగుసుకుంటుందోనన్న భయంతో అక్కడికే ఆపి, వదినకు కబురు పెట్టాను.

ఆ ఆదివారం సగం బస్తీ మా ఇంట్లోనే కూర్చుందని ఇప్పటికీ చెప్తుంటాను. ఉన్నది మా ఆవిడ, వదిన, నేను.

నొక్కాను. కదిలింది. వదిన ముఖం చిట్లించింది.

"ఎవరామె? మొఖం గంత నీలంగున్నది?"

నిజమే. ఆ ప్లగిన్ ఎరుపును నీలం చేసి, నీలాన్ని ఎరుపు చేసి చూపిస్తోంది. మా ఆవిడ ముఖం నేరేడు పళ్లు తిన్న నాలుక రంగులో ఉంది. గిన్నెలో పులుసు, తెల్లబట్టలకు పెట్టే నీలిమందు కలిపిన నీళ్లలా ఉంది.

"నేనే అక్కా! నా ముక్కు సూడు, నా ఎర్ర చీర సూడు."

"గది నీలం చీర. నీకు నీలం చీరనే లేదు. నీ పెట్టెల ఏమున్నయో నాకెర్క లేదా?"

"ఎర్రదే వదినా, ప్లగిన్ రంగులు మారుస్తున్నది" అన్నాను.

"ఓహో. రంగు మార్చేది మనిషిని మార్చదా?"

నేను మానిటర్ వెనక తీగలు కదిపి చూశాను. మా ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడు తెర మీది నీలం మనిషి గరిటె పైకెత్తి మాట్లాడింది. రంగు మారింది కానీ గొంతు మారలేదు.

"పులుసు మరగవెట్టొద్దమ్మా. బడంగ్‌పేటల మా యారాలు మరగవెడ్తది. గందుకే ఆమె పచ్చిపులుసు కుక్క గూడ ముట్టది."

ఆ మాట అన్న సంగతే మా ఆవిడ మర్చిపోయినట్టుంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం ఆగలేకపోయాను.

"సూసినవా వదినా! ఏ కంపెనీ సాయం లేకుంట, ఊరికే వచ్చిన ప్లగిన్‌తోని నిజం బయటవెట్టిన!"

వదిన నా వైపు తిరిగింది.

"నువ్వేం బయటవెట్టినవయ్యా? గా దినమే టీవీల సూసిన. ఎర్ర చీర గట్టి మంచిగనే కనవడ్డది. నా పులుసు కుక్క గూడ ముట్టదని అన్నంక, ఆమె టీవీల వచ్చిందని నేనే ఊరంత దండోరెయ్యాల్నా?"