కత్తెరమ్మ వ్యాసం

ఆఫీసులో ఆమెను ఎవరూ పేరు పెట్టి పిలవరు. కత్తెరమ్మ అంటారు. వ్యాసం ఎంతటివారు రాసినా సరే, ఆమె బల్ల దాటేసరికి చిక్కి సగమయ్యేది. "మా మామగారి ఉపన్యాసాలు కూడా మీ చేతికిస్తే బాగుండు, పెళ్ళిళ్ళలో వేళకి భోంచేస్తాం" అనేది పేజీలు కట్టే డిజైనరు. కత్తెరమ్మ నవ్వి, తలెత్తకుండానే ఇంకో పేరా కొట్టేసేది.

అదొక చిన్న మాసపత్రిక. భూమిని పాడు చేయకుండా ప్రయాణాలెలా చేయాలి, వ్యాపారాలెలా నడపాలి, బొగ్గు కాల్చకుండా కరెంటెలా తీయాలి అన్నదే దాని గోల. ఒక పాత భవనం పై అంతస్తులో రెండు గదులు, సరిగా మూసుకోని కిటికీ, ఎవరైనా గట్టిగా తుమ్మితే ఆగిపోయే ప్రింటరు. జీతాలు అంతంతమాత్రం. అయినా కత్తెరమ్మ ఆ పత్రికను నమ్మింది. నమ్మడానికి ఆమెకో కారణం ఉంది. ఆమె పుట్టింది ఒక జలాశయం ఒడ్డున. నాన్న చేపలు పట్టేవాడు. ఆమె చిన్నప్పుడు ఎగువనున్న రంగుల కార్ఖానా మురికి వదిలితే, నీళ్ళన్నీ ఎర్రబడి, చేపలు పొట్టలు పైకెట్టి తేలాయి. ఆ వాసన ముక్కులోంచి ఎన్నేళ్ళకీ పోలేదు. అలాంటివి ఆపే పని ఎక్కడన్నా ఉంటే అందులో తానుండాలని అప్పుడే అనుకుంది.

బడి అవతలి ఒడ్డున ఉండేది. రోజూ ఆమెను పడవలో దించి, సాయంత్రం మళ్ళీ తీసుకొచ్చింది అక్క మొగుడు. బావకి చదువు రాదు కానీ, మరదలి చదువంటే మహా గర్వం. గాలివాన వచ్చినా తెడ్డు వదిలేవాడు కాదు. "నువ్వు పాఠం చదువు అమ్మాయ్, వాన సంగతి నేను చూసుకుంటా" అనేవాడు. పడవలో రెండో తెడ్డు అతని నేస్తం బక్కోడిది. బక్కోడు పేరుకే బక్కోడు. తిండిలో మాత్రం ఇద్దరి పెట్టు.

ఆ జలాశయం మీదికే సూర్యరశ్మితో కరెంటు తీసే కంపెనీ ఒకటి వచ్చింది. నీళ్ళ మీద తేలే నల్లటి పలకలు, వాటి అడుగున వాటిని కదలకుండా పట్టి ఉంచే ఇనుప తాళ్ళు. ఎవరి పొలమూ పోదు, పొగ రాదు, నీళ్ళు ఆవిరవడం కూడా తగ్గుతుంది. వార్త వినగానే కత్తెరమ్మ సంబరపడి ఫోన్ చేసింది.

"మంచి పనే బావా. మన నీళ్ళలో ఏ విషమూ కలవదు."

"నువ్వన్నావంటే మంచిదే అయ్యుంటుంది అమ్మాయ్" అన్నాడు బావ.

పత్రిక ఆ ఏడు ఉత్తమ పరిశ్రమ బహుమతిని ఆ కంపెనీకే ప్రకటించింది. ముఖచిత్ర కథనాన్ని దిద్దింది కత్తెరమ్మే. అందులో జాలరుల గురించి ఒక్క ముక్క లేదని ఆమెకి అప్పుడు తట్టనే లేదు.

పలకలు పరుచుకున్న కొద్దీ జాలరులకు నీళ్ళు తరిగిపోయాయి. లోతు నీళ్ళ చుట్టూ తాళ్ళు కట్టి, దాటొద్దన్నారు. మిగిలింది ఒడ్డునున్న బురద. దాంట్లో చేపలేముంటాయి, కప్పలు తప్ప? పడవలు ఒక్కొక్కటే బోర్లా పడుకున్నాయి. కంపెనీ ఊళ్ళో కొందరికి కాపలా ఉద్యోగాలిచ్చింది. బావ ఒకటి పట్టుకున్నాడు. అక్క ఫోన్‌లో పకపకా నవ్వింది. "మీ బావ బూట్ల వైభోగం చూడాలే! ఆ కాళ్ళు ఎక్కడ పెట్టాలో తెలీక నిప్పుల మీద కోడిలా నడుస్తున్నాడు." మెడలో ఒక ఈల కూడా ఇచ్చారట. తాళ్ళు దాటి ఎవరొచ్చినా ఊదాలి.

వచ్చేది ఎవరు? నిన్నటిదాకా ఒకే పడవలో కూర్చున్నవాళ్ళే. చాలాసార్లు బావ అటు తిరిగి నిలబడేవాడు. బక్కోడు తాళ్ళ కింద నుంచి దూరి, వల వేసుకుని, వెళ్తూ వెళ్తూ చెయ్యి ఊపేవాడు.

ఒక మంచు పొద్దున పక్కన సూపర్‌వైజరు నిలబడి ఉన్నాడు. పలకల అంచున పడవ కనబడింది. "ఏంటి చూస్తావ్, ఊదు!" అన్నాడు. బావ ఊదాడు. ఆ మంచులో ఊదింది ఎవరో బక్కోడికి కనబడలేదు. కంగారుపడి పడవ తిప్పబోతే ఇనుప తాడుకి తగులుకుని బోల్తా పడింది. బక్కోడికి ఈత రాక కాదు. మునిగినవాడు పైకి లేచింది పలకల అడుగున. తల పెట్టడానికి సందు లేదు. బావ బూట్లతోనే దూకాడు. దొరికింది సాయంత్రానికి, బక్కోడు కాదు, అతని శవం.

కబురందగానే కత్తెరమ్మ వెళ్ళింది. బావ గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి ఒకే మాట అన్నాడు.

"ఊదింది నేనే అమ్మాయ్."

"నీ తప్పేముంది బావా..."

"అలా అనొద్దు. అందరూ అదే అంటున్నారు. వాడి పెళ్ళాం కూడా అదే అంది. నన్ను తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. ఎండలో వచ్చావని మంచినీళ్ళిచ్చింది. నాకెలా దిగుతాయి చెప్పు?" ఆమె వైపు చూశాడు. "నీకు రాయడం వచ్చు కదా. జరిగింది జరిగినట్టు రాయి. ఆ అడుగున సందు వదల్లేదని రాయి. నా పేరు పెట్టినా పర్లేదు."

"రాస్తాను బావా" అంది కత్తెరమ్మ.

రాసింది. పాతికేళ్ళుగా ఇతరుల రాతలు కోసిన మనిషి, మొదటిసారి కూర్చుని తన రాత రాసింది. ఎడిటరు చదివి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. మంచివాడే, కానీ వెన్నెముక యజమాని చేతిలో ఉన్న మనిషి.

"ఇది వెయ్యాల్సిందేనమ్మా" అన్నాడు.

మర్నాడు అదే మనిషి నీళ్ళు నమిలాడు. "యజమానితో మాట్లాడాను. చివరి అట్ట మీద ఏడాది పొడుగునా ఉండేది ఆ కంపెనీ ప్రకటనే. అది పోతే పత్రికే ఉండదు. వెయ్యొద్దనడం లేదు, కాస్త తగ్గించమన్నారు. తగ్గించడం మీకు చెప్పాలా?"

ముందు కంపెనీ పేరు తీసేయమన్నారు. పేరు లేకపోయినా జరిగింది జరిగినట్టే ఉంటుంది కదా అని తీసేసింది. తర్వాత ఈల. దాని మీద బావని పోలీసులు విసిగిస్తారేమోనని అదీ తీసేసింది. పలకల అడుగున సందు లేదన్న మాటకి నిపుణుల రుజువు కావాలన్నారు. నిపుణులు ఫోన్ ఎత్తలేదు. అదీ పోయింది. ప్రతి కోతకీ ఆమె తనకు తాను ఒకటే చెప్పుకుంది: అసలుది మిగిలితే చాలు. రాలిన జుట్టు చూసుకుంటూ ఇంకా జడ ఉందనుకునే రోగిలా, చివరిదాకా ఏదో మిగులుతుందనే అనుకుంది. ఏ కోతా ఎవరూ బలవంతంగా చేయించలేదు. కత్తెర ఆమె చేతిలోనే ఉంది.

అచ్చులో వచ్చింది ప్రయాణాల పేజీలో, ఒక మూల, చిన్న గీతల డబ్బాలో నాలుగు ముక్కలు. జలాశయాల్లో విహారానికి వెళ్ళేవారు హద్దు తాళ్ళు దాటవద్దని, ఇటీవల అలా దాటి ఒకరు ప్రమాదానికి గురయ్యారని. దాని పైన పెద్ద రంగుల ఫొటో. పలకల మధ్య కంపెనీ కొత్తగా నడపబోయే విహార పడవది.

రెండు రోజులకి అక్క ఫోన్ చేసింది. గొంతులో నవ్వు లేదు.

"పుస్తకం వచ్చిందే. టీచరమ్మ చేత చదివించాం. బక్కోడి పెళ్ళాం కూడా వచ్చి కూర్చుంది."

"అక్కా, అది..."

"విని ఏమందో తెలుసా? 'అంటే మా ఆయనదే తప్పని రాశారా వదినా?' అంది. నేనేం చెప్పనే? లేచి వెళ్ళిపోయింది. ఇంత ఏడుపు ఆ రోజు కూడా ఏడవలేదు."

"బావేమన్నాడు?"

"మెడలో ఈల తీసి మేకుకి తగిలించాడు" అంది అక్క.

కత్తెరమ్మ రాజీనామా రాసి పెట్టుకుంది. ఇవ్వలేదు. ఇచ్చి ఎక్కడికి పోవాలి? పలకలు అబద్ధం కాదు. వాటి వల్ల కరెంటు వస్తున్న మాట అబద్ధం కాదు. బొగ్గు పొగ కంటే అవి నయమన్నదీ అబద్ధం కాదు. అదే ఆమెను లోలోపల తినేసింది. శత్రువు అబద్ధమాడితే తిట్టి బయటపడొచ్చు. ఇక్కడ నిజాన్నే అడ్డం పెట్టుకుని ఒక మనిషిని పూడ్చేశారు. పూడ్చినవాళ్ళలో తనూ ఉంది. ఇప్పుడు వ్యాసాలు ఆమె బల్ల మీద పోగుపడుతున్నాయి. పెన్ను పట్టుకుని ఒకే వాక్యం దగ్గర చాలాసేపు కూర్చుంటుంది. డిజైనరు జోకులు మానేసింది.

బావ కాపలా ఉద్యోగం మానేశాడు. పడవ అమ్మబోతే కొనేవాడు లేడు. రోజంతా ఇంట్లోనే ఉంటున్నాడని, పిలిస్తే పలుకుతాడు తప్ప తనంతట తాను మాట్లాడడని అక్క చెప్పింది. ఫోన్ ఇస్తే తీసుకోవడం లేదని, ఎండలు తగ్గాక కత్తెరమ్మే బయల్దేరి వెళ్ళింది. కాళ్ళ మీద పడైనా సరే జరిగిందంతా చెప్పుకోవాలనుకుంది. నాలుగు తిట్లు తిడతాడు, తిట్టనీ. బస్సులో దారి పొడుగునా ఆ తిట్లనే ఊహించుకుని, ఎందుకో కాస్త తేలికపడింది కూడా.

బావ మంచం మీంచి లేచాడు. కుర్చీ దులిపి, ఆమె ముందుకు జరిపాడు. ఎన్నడూ లేనిది, భుజం మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"కూర్చోండి" అన్నాడు. "ఎప్పుడొచ్చారు? ఆఫీసులో అందరూ బాగున్నారా?"

కత్తెరమ్మ కూర్చుంది. "బాగున్నారండీ" అంది.