పెరడంతా కాంఫ్రీ

కుట్టుపని చేసే మా పెద్దమ్మ పెరటి మూలలో ఒకే ఒక్క కాంఫ్రీ దుబ్బు పెంచింది. దాని ఆకులు డ్రమ్ములో కుళ్లబెట్టి, ఆ నీళ్లు టమాటాలకు ఎరువుగా పోసేది. ఆమె ఊరెళ్లినప్పుడు, కంపు భరించలేని మరిది ఆ దుబ్బును పారతో ముక్కలు చేసి పెరటి మట్టిలో కలిపేశాడు.

మూడు వారాలకు ఆమె టమాటా నారుతో తిరిగొస్తే, మడులన్నిటా గరుకు ఆకులు పచ్చటి నాలుకల్లా లేచి ఉన్నాయి.

"పీడ వదిలిద్దామనుకున్నా వదినా."

"వదిలించావా? గోరంత వేరు మిగిలినా మొలుస్తుందది! నన్నొక్కమాట అడిగితే నోట్లోంచి ముత్యాలు రాలిపోయేవా?"

"పోనీలే, నీకిష్టమైన మొక్కేగా."

పెద్దమ్మ కళ్లు నిప్పులు చెరిగాయి. పార తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"నా నారు వాడిపోయేలోగా ప్రతి ముక్కా ఏరు. ఒక్కటి మిగిలినా, అదే డ్రమ్ములో నిన్ను నానబెడతా."